అల్మోరో గారి గోడ మీద ఓర్సెత్తా

అల్మోరో ప్రభువు గారి హాల్లో పెట్టబోయే 'అద్దం చూసుకునే సుందరి' బొమ్మకు భోగకాంత ఓర్సెత్తాను పిలిచారని తెలిసి వెనిస్‌లో సగం మంది ఆడవాళ్లకు ముద్ద దిగలేదు.

"మీరు తప్ప ఇంకెవరూ పనికిరారన్నారమ్మా అయ్యగారు," అని చిత్రకారుడు బస్తియాన్ స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు.

ఇంక ఓర్సెత్తా ఆగుతుందా? వారం రోజులు మిద్దె మీది చెక్క మంచె ఎక్కింది. నడినెత్తి లేని టోపీ పెట్టుకుని, జుట్టును దాని అంచు మీద పరుచుకుని, బంగారు రంగు తేలేదాకా మిట్టమధ్యాహ్నం ఎండలో మాడింది. ఆమె గుమ్మం ముందు పెద్దమనుషుల పడవ ఆగి మూడేళ్లయింది మరి. ఈ బొమ్మ ఆ గోడకెక్కితే చాలు, పడవలు మళ్లీ బారులు తీరతాయి. లేదంటే ఇల్లు ఖాళీ చేసి మేనకోడలి పంచన చేరడమే.

బస్తియాన్ గదిలో అడుగుపెట్టేసరికి దిండు మీద మెనేగ కూర్చుని ఉంది. బట్టలుతికే పిల్ల, ఒంటి నిండా పట్టు. ఓర్సెత్తాకు ఇదేం కొత్త కాదు. బట్టల మడతలు గీయడానికి ఎవరో ఒక పిల్లను కూర్చోబెడతారు, దొరసాని ముఖం తర్వాత పెడతారు. తన పడుచుతనంలో బొమ్మలన్నీ అలాగే వేశారు.

"ఒసే, కుదురుగా కూర్చో. నువ్వు కదిలితే బొమ్మలో నా బట్టలు నలుగుతాయి," అంది.

మెనేగ కిసుక్కున నవ్వింది. బస్తియాన్ ఓర్సెత్తా చేతికి అద్దమిచ్చి పక్కన నిలబెట్టాడు.

"కాస్త వంగండమ్మా. అద్దం ఎత్తండి. ఆ, అలాగే."

"నా మెడ సరిగ్గా పడుతోందా?"

"ఒక్క గీత కూడా వదలనమ్మా."

తొమ్మిది రోజులు భుజం లాగేస్తున్నా ఆమె కిక్కురుమనలేదు. అందమంటే మాటలా?

పదో రోజు బస్తియాన్ బొమ్మ మీది గుడ్డ తీశాడు. దిండు మీద బంగారు జుట్టు, మీగడలాంటి బుగ్గలు, అద్దంలో తనను చూసుకుని మురిసిపోయే సుందరి. ఓర్సెత్తా కళ్లు చెమర్చాయి.

"అచ్చం నేనే. ఇరవై ఏళ్ల కిందటి నేను కాదు, ఇప్పటి నేను."

అంతలోనే మొహం చిట్లించింది.

"అంతా బాగుంది గానీ, నా పక్కన ఆ ముసలి దాసీ ఎందుకయ్యా? మెడ వేలాడేసుకుని, అద్దం పట్టుకుని, చూడ్డానికే వెగటుగా ఉంది. చెరిపెయ్."

బస్తియాన్ ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశాడు.

"అయ్యగారు మిమ్మల్ని పిలిపించింది ఆ దాసీ కోసమేనమ్మా."