గోబర్ గ్యాసులో పూలమ్మ వంతు

పద్మ మొన్నామధ్య కళ్లారా చూసిందట. గోడ మీది నుంచి రాజేశ్వరికి చెప్పింది. రాజేశ్వరి మిరపకాయలు ఎండబోస్తూ కమలకు చెప్పింది. కమల తన మొగుడి చెవిన వేసేసరికి ఆ మాట ఇట్లా తయారైంది:

"పాయఖానాలు ఎత్తే పూలమ్మ లేదూ, అది తెల్లారకముందే గ్యాసు గుంత కాడ తట్ట పట్టుకొని తిరిగిందట. మన పేడ ఎత్తుకపోయి పిడకలు కొట్టుకుంటాంది. అందుకే మన పొయ్యి మండుతలేదు."

కమల మొగుడు సారంగపాణికి బీటుబజారులో కిరాణా దుకాణం. వాడలో గోబర్ గ్యాస్ సంఘానికి పెద్ద కూడా ఆయనే. రేడియోలో అరబ్బు దేశాల కొట్లాట వింటూ, కిరసనాయిలు లైనులో జనం డబ్బాలతో కొట్టుకోవడం చూసి, బర్రెలున్న ఇళ్లను కూడగట్టాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో గుంత తవ్వించి, సర్కారు ఆఫీసరును పిలిపించి ఇనుప డ్రమ్ము దింపించాడు. "భూమిల నూనె అయిపోవట్టె. ఇగ పేడ ఉన్నోడే రాజు," అని ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పేవాడు. సంఘానికి కట్టుబాటు ఒక్కటే. గుంతలో వేసినవాళ్లకే పైపు.

ఈ మధ్య ఆ పైపులోంచి మంట రావడం లేదు. దీపం వత్తి అంత వచ్చి వణుకుతోంది.

సాయంత్రం పూలమ్మను పిలిపించారు. సంఘం వాళ్లు అరుగు మీద కూర్చుని ఛాయ్ తాగుతున్నారు. పూలమ్మ మురికినీళ్ల మోరీ అవతల నిలబడింది. ఎప్పుడూ నిలబడే చోటే.

"ఏం పూలమ్మా, పొద్దుగాల గుంత కాడ ఏం పనే నీకు?" అన్నాడు సారంగపాణి.

"పనుండె సేటు. ఇప్పుడు లేదు."

"పేడ ఎన్ని తట్టలు ఎత్తుకపోయినవ్?"

"ఎత్తుకపోలే. ఏసిన."

అరుగు మీద నవ్వులు లేచాయి. "నీకు బర్రె యాడిదే?" అన్నాడు యాదగిరి. ఆయన బట్టల వ్యాపారి, పద్మ మొగుడు. "కలలగిన కొన్నవా?"

పూలమ్మ నవ్వలేదు. "మీరే అన్నరు గద సేటు. మా ఆయన కట్టయ్యకు పొగ పడుతలేదు, దవాఖానల డాక్టరు పిడకల పొయ్యి బందు పెట్టుమన్నడు, జర ఒక్క పైపు ఇయ్యుండ్రి అని అడిగిన. కొత్తగ చేరెటోళ్లు ముందుగాల గుంతల వెయ్యాలె, ఏసి సూపియ్యి, అప్పుడు ఇస్తం అన్నరు."

అన్నారు. అన్న రోజు కూడా ఇట్లాగే నవ్వారు.

"చలికాలం సంది ఏసిన," అంది పూలమ్మ. "పైపు ఎప్పుడిస్తరని మూడుసార్లు అడిగిన. మీరు సూద్దాం అన్నరు. ఆయన దగ్గి దగ్గి పోయిండు. దినాలు గూడ అయినయి. ఇగ ఏసుడు బందు పెట్టిన. ఎవలకోసం ఎయ్యాలె?"

కట్టయ్య పోయిన సంగతి అరుగు మీద ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు పూలమ్మ రాలేదని, వెనక సందులో కంపు లేచిందని మాత్రం అందరికీ గుర్తుంది.

రాజేశ్వరి మొగుడు వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "పోయినోళ్ల ముచ్చట అటుంచు. బర్రె లేనిదానివి, పేడ యాడికెళ్లి తెచ్చినవ్? మా కొట్టంలకెళ్లి ఎత్తి మా గుంతలనే ఏసి పైపు అడుగుతానవా?"

"మీ కొట్టంల అడుగు పెట్టలే సేటు."

"మరి దొంగతనం గాక ఏంది? ఠాణాల చెప్పాల్నా?"

దర్వాజలో నిలబడ్డ కమల నెమ్మదిగా అంది. "ఆమె బందు పెట్టిన కాడికెళ్లే గద మన మంట తగ్గింది."

యాదగిరి ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎండలకు మేత దొరక్క తన రెండు బర్రెలు అమ్మేసినా మొన్నటిదాకా మంట ఎందుకు తగ్గలేదో ఆయనకు ఇప్పుడు తట్టింది. "నిజమే అన్నా," అన్నాడు. "మా ఇంట్ల సత్యనారాయణ వ్రతం నాడు బుస్సుమని మండింది. వాడ వాడంతకు ప్రసాదం ఆ పొయ్యి మీదనే చేసినం. పంతులు గూడ రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు."

సారంగపాణి మొహం మారింది. తూకంలో పొరపాటు తనకే లాభమని తెలిసినప్పుడు దుకాణంలో ఎట్లా మారుతుందో అట్లా. అరుగు దిగి మోరీ దాకా వచ్చాడు. అంతకు మించి రాలేదు.

"చూడు పూలమ్మా, అయిందేదో అయింది. కట్టయ్య మంచోడు. నువ్వు ఫికర్ చెయ్యకు. రేపే నీ గుడిసెకు పైపు ఏపిస్త. నిన్ను సంఘంల రాసుకుంట. నువ్వు రేపటి సంది మళ్ల ఎప్పటి తీర్గ తెచ్చి ఎయ్యి."

"పైపు నేనేం జేసుకోను సేటు ఇప్పుడు."

"నీకు అక్కర లేకపోతే మాయె. ఆ పేడ యాడ దొరుకుతదో అది జెప్పు. మేమే మనిషిని పెట్టుకుంటం. ఏ ఊరి బర్రెలదే అది, అంత జోరుగ మండింది?"

పూలమ్మ తట్ట నడుముకు ఎత్తుకుంది.

"బర్రెలది గాదు సేటు. అది గూడ పనికొస్తదని డ్రమ్ము బిగించినప్పుడు ఆఫీసరే నేను ఇంటుండంగ మీకు చెప్పిండు, మీరు రామ రామ అని చెవులు మూసుకున్నరు. రోజు పొద్దుగాల మీ ఇండ్ల ఎనుక నేనెత్తేదే ఏసిన."