నీళ్ళలో పడిన చీటీ

“చదవవే. ఏంటి, అంతసేపు?”

కూతురు చీటీ విప్పి కిటికీ దగ్గర నిలబడిపోయింది. పదకొండేళ్ళు దానికి. ఆ ఇంట్లో చదవడం, రాయడం వచ్చింది దానికొక్కదానికే.

“రాత బాలేదమ్మా. కోడి కెలికినట్టుంది.”

“నీ రాతకన్నానా?” తల్లి నవ్వింది. ఈ మధ్య ఆమె నవ్వడం అరుదు.

కూతురు నవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె పెడతారు. అవసరం ఉన్నవాళ్ళు పేరు లేకుండా చీటీ రాసి అందులో వేస్తారు. వేసిన ప్రతివాళ్ళూ ఇంకో చీటీ తీసుకుని వెళ్ళాలి. దానికోసం ప్రార్థించాలి, చేతనైనది చేయాలి. వస్తువైతే ఆ చీటీనే దానికి గుచ్చి అక్కడి అలమరలో తగిలించాలి. రాసినవాళ్ళు తమ చీటీ గుర్తుపట్టి పట్టుకెళతారు. మా దగ్గర ఏముందని చేస్తాం అన్నవాళ్ళకి పాస్టరుగారు చెప్పేది ఒకటే. “ఇవ్వడానికి ఏమీ లేనివాణ్ణి దేవుడు ఇంతవరకూ పుట్టించలేదు.”

తల్లి ఆ వారమే మొదటిసారి చీటీ వేసింది. తను చెబుతుంటే కూతురు రాసింది, నాకేదైనా పని చూపించు ప్రభువా అని. అంట్లు తోమే ఇళ్ళు రెండూ మానిపించి నెల దాటింది. పెట్టెలో వేస్తూనే ఆమె కూతురి చెవిలో అంది: “నాలుగు ఆదివారాలు చూస్తా. జవాబు రాకపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను. ఖాళీ కడుపుతో స్తోత్రాలు నావల్ల కాదు.”

“ఇంతకీ ఏం రాశారే?”

కూతురి చూపు మూలకి వెళ్ళింది. అక్కడ గుడ్డ కప్పిన కుట్టుమిషను ఉంది.

“ఒక పిల్ల ఉందట. చలికోటు కావాలట.”

“ఎంత పిల్ల?”

“నా అంత.”

తల్లి దాని మోచేతుల వైపు చూసింది. స్వెటరుకి రెండు చోట్లా చిల్లులే. “నీ అంతా? నీకు కావలసింది నువ్వే చదువుకుంటున్నావా, దొంగముఖమా?”

“కాదమ్మా! నాకొద్దు. నువ్వు కుట్టినా నేను తొడుక్కోను, చూడు.”

“నేను కుట్టడమేంటే? కత్తిరించడం మీ నాన్న పని. నాకొచ్చింది కాజాలూ బొత్తాలూ.”

“ఆ పిల్ల వణుకుతోందట.”

“అలా రాసిందా?”

“ఆ.”

దర్జీ పని చేసిన భర్త పోయి ఏడు నెలలు. ఆ రోజు కప్పిన గుడ్డ ఆమె మళ్ళీ తీయలేదు. మిషను కదిలితే ఆయన ఇక రాడని తన నోటితో తనే ఒప్పుకున్నట్టవుతుందని లోపలెక్కడో ఒక భయం. దానికి ఆమె, తనకి కాజాలు తప్ప ఏమీ రాదని పేరు పెట్టుకుంది. ఆ పేరు అందరూ నమ్మారు. ఆమె కూడా నమ్మింది.

మంగళవారం పొద్దున గుడ్డ తీసింది. కోటుకి బట్ట లేదు. గోడకున్న ఆయన కోటు దించి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని, కుట్లు విప్పింది. కూతురిని నిలబెట్టి కొలతలు తీసింది. ఆయన సుద్దముక్కతోనే గీసింది. తీరా కత్తిరించాక చూస్తే రెండు చేతులూ కుడిచేతులే.

ఆమె కత్తెర పక్కన పెట్టి ఏడ్చింది. “చెప్పానా నాకు రాదని!”

“దేవుడి దగ్గర కూడా కుడిచేతికే కదమ్మా మర్యాద,” అంది కూతురు.

ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది తల్లికి. కోటు వెనక భాగంలో మిగిలిన ముక్క వెతికి ఎడమచెయ్యి కత్తిరించింది. ఈసారి తప్పు పోలేదు.

శనివారానికి కోటు తయారైంది.

“చీటీ తే, గుచ్చుతాను.”

“నీళ్ళలో పడిపోయిందమ్మా. ముద్దయిపోతే పారేశాను.”

“అయ్యో, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇప్పుడా పిల్ల ఎలా గుర్తుపడుతుందే?”

చీటీ లేకుండానే కోటు తగిలించి వచ్చారు. తర్వాతి ఆదివారం అది అక్కడే ఉంది. ఆపై ఆదివారమూ ఉంది. “ఎక్కడ వణుకుతోందో పాపం,” అనేది తల్లి. తన చీటీ సంగతి ఆమె ఎత్తడం మానేసింది.

నాలుగో ఆదివారం కొక్కెం ఖాళీగా కనబడింది. ఆమె అలమర చూసుకునే పెద్దక్క దగ్గరికి పరుగెత్తింది.

“వచ్చిందా అక్కా ఆ పిల్ల?”

“కొత్తగా వచ్చిన తాపీమేస్త్రీ కూతురికి ఇచ్చేశాను. చీటీ వేసింది ఆ పిల్ల కాదటగానీ, కొలిచి కుట్టినట్టు పట్టింది. అయితే ఆ కోటు నీదా? కత్తిరించిందెవరు?”

“నేనే,” అంది తల్లి, నేరం ఒప్పుకున్నట్టు. “తప్పులుంటే…”

“తప్పులా! ఎవరిదో తెలీక మూడు వారాలుగా వెతుకుతున్నానమ్మా. పాటల బృందానికి ఇరవై అంగీలు కావాలి. బడివాళ్ళు యూనిఫారాలకి మనిషిని అడుగుతున్నారు. కుడతావా?”

తల్లి వడివడిగా ఇంటికి నడిచింది. గుమ్మంలో ఆగి, కళ్ళు తుడుచుకుంది.

“మన చీటీ ఎవరికి పడిందోనే! ఎంత కష్టపడ్డారో మనకోసం. ఏ తల్లి కన్న బిడ్డో, ఆ చేతులు చల్లగా ఉండాలి.”

కూతురు అమ్మ చెయ్యి అందుకుంది. వేళ్ళనిండా సూదిపోట్లు, గోళ్ళలో సుద్ద. దాన్ని బుగ్గకి ఆనించుకుంది.

“ఉంటాయమ్మా.”

తల్లి మిషను ముందు కూర్చుంది. ఆ చప్పుడు మొదలయ్యాక కూతురు లెక్కల పుస్తకం తెరిచింది. పేజీల మధ్య చీటీ తడి తగలకుండా, చదునుగా ఉంది.

ఆ రోజు పెట్టెలోంచి అమ్మ తీసింది అమ్మ చీటీనే.