క్యాంపులో ఐడియాలజీ క్లాసు

తలుపుకు బయటి నుంచి గొళ్లెం పడింది. మంచం మీద కూర్చున్న భూమేశ్ ఆ చప్పుడు విన్నాడు. మూడు రోజులుగా వింటున్నదే.

బాన్సువాడ మున్సిపాలిటీలో ఈసారి ఫలితం మహా చిత్రంగా వచ్చింది. పంతొమ్మిది వార్డుల్లో ఒక పార్టీకి తొమ్మిది, ఇంకో పార్టీకి తొమ్మిది. మిగిలిన ఒక్క వార్డులో ఏ పార్టీకీ చెందని కుక్కర్ గుర్తు గెలిచింది. ఆ గుర్తు పక్కన దండం పెడుతున్న భూమేశ్ ఫొటో ప్రతి ఫ్లెక్సీ మీదా తలుపంత ఉంది.

ఇంకేముంది! ఫలితం వచ్చిన గంటకే అతని మోటార్ వైండింగ్ దుకాణం ముందు రెండు కార్లు ఆగాయి. ముందొచ్చిన కారు అతణ్ని ఎక్కించుకుని నిజాంసాగర్ దగ్గర ఈ ఫామ్‌హౌస్‌లో తెచ్చి పడేసింది. దీన్ని క్యాంపు అంటారు. చైర్మన్ ఎన్నికలో చేతులెత్తే రోజు దాకా మనుషుల్ని మేపుతారు, కాపలా కాస్తారు, ఫోన్లు గుంజుకుంటారు. జైలుకూ దీనికీ తేడా బిర్యానీ ఒక్కటే.

"మెంబర్ సాబ్, మాతోని ఉండకుంటే కోటగిరి దిక్కు నుంచి ఒక్క మోటారు గూడ నీ దుకాణానికి రాదు" అని క్యాంపు చూసుకునే అఖిలేశ్ మొదటి రోజే నవ్వుతూ చెప్పాడు. అవతలి పార్టీవాళ్లు తక్కువ తిన్నారా? "అటు ఓటు పడితే తెల్లారి నీ దుకాణం మీదికి జేసీబీ వస్తది" అని రెండో కారువాళ్లు అతను ఎక్కుతుండగానే అరిచి చెప్పారు. దుకాణం ఉన్నది మున్సిపాలిటీ జాగాలో. పదిహేనేళ్లుగా ఇల్లు గడుస్తున్నది దాని మీదే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మూడో రోజు మధ్యాహ్నం గొళ్లెం తీసి, బాలకృష్ణ సారును లోపలికి పంపారు. డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇండిపెండెంటుకు సిద్ధాంతం ఎక్కితే గోడ దూకడని అఖిలేశ్‌కు ఎవరో చెప్పారట.

సారు ఒక ఫ్లెక్సీని తిరగేసి పొడవుగా గీత గీశాడు.

"సూడు భూమేశ్. గీ కొసకు ఎడమోళ్లు. భూమి పంచాలె, కూలి పెంచాలె, సర్కారే అందర్ని సూసుకోవాలె అంటరు. గా కొసకు కుడోళ్లు. మన ఆచారం నిలవాలె, యాపారంల సర్కారు ఏలు పెట్టొద్దు అంటరు. నడుమ ఉన్నోళ్లు గీడ కొంత, గాడ కొంత తీసుకుంటరు."

"మరి గీ పార్టీ యాడుంది సారూ?"

సారు నడుమ చుక్క పెట్టాడు.

"మాది రైతుల పార్టీ సార్, జెర ఎడమకు జరుపుండ్రి" అన్నాడు అఖిలేశ్. సారు జరిపాడు.

"గుడి కట్టిస్తమని ఓట్ల కాయిదంల రాసినం గద, కుడికి జరుపుండ్రి" అని పక్క మంచం మీద పడుకున్న మెంబరొకాయన లేచాడు. సారు మళ్లీ జరిపాడు. చుక్క కాస్తా మరకైంది.

"అవతలి పార్టీ యాడుంది?" అని భూమేశ్ అడిగాడు.

సారు ఆ మరక పక్కనే ఇంకో చుక్క పెట్టాడు. అఖిలేశ్ మొహం మాడిపోయింది.

"నీ సంగతి సూద్దాం" అని సారు మాట మార్చాడు. "బాయి మోటార్లకు ఫ్రీ కరెంటు ఉండాల్నా?"

"ఉండాలె సారూ. మోటార్లు నడిస్తెనే కాలుతయి. కాలితెనే నాకు పని."

"గిది ఎడమ. దుకాణాల మీద పన్ను పెంచాల్నా?"

"అస్సలొద్దు."

"గిది కుడి. అంటే నువ్వు నట్టనడుమ ఉన్నవ్."

"నడుమ ఉన్నోన్నే గద సారూ, రెండు దిక్కుల గుంజుతరు!" భూమేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు పాపం జాలిగా చూసి ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్లిపోయాడు. గొళ్లెం మళ్లీ పడింది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసుకోమని రెండు నిమిషాలిచ్చారు, అదీ స్పీకర్లో. భార్య భాగ్యశ్రీ ఎత్తింది.

"తిన్నవా?"

"తిన్న. కుడి అంటుండ్రు, ఎడమ అంటుండ్రు. నాకేం సమజైతలేదు."

"నేను గూడ రెండు పార్టీల కాయిదాలు సదివిన. మన గల్లీల నల్లా సంగతి ఎవ్వరు రాయలే."

"గవన్ని నీకెందుకు? నేను సూసుకుంట."

"సరే. పైలం" అని ఆమె పెట్టేసింది.

ఆ రాత్రి అతనికి కునుకు లేదు. ఎటు చూసినా దుకాణమే కళ్లముందు కనిపించింది. ఒకసారి కూలిపోయి, ఒకసారి మోటార్లు లేక బోసిపోయి.

పొద్దున చైర్మన్ ఎన్నికకు అందర్నీ బస్సులో బాన్సువాడకు తెచ్చారు. దిగింది మొదలు అఖిలేశ్ చెయ్యి అతని భుజం వదల్లేదు. మున్సిపల్ ఆఫీసు ముందు అవతలి పార్టీవాళ్లు "భూమేశన్నా, దుకాణం యాదుంచుకో!" అని అరుస్తున్నారు. పోలీసులు తాళ్లు కట్టి దారి చేశారు. కూలిన దుకాణాన్ని మళ్లీ కట్టుకోవచ్చు, పోయిన గిరాకీ మళ్లీ రాదు. ఇటే, అని భూమేశ్ మనసు గట్టి చేసుకున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరాడింది.

తొమ్మిది మంది మెంబర్లూ ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి పోయారు. పదో మనిషిగా అడుగు వేసిన భూమేశ్‌కు జాబితా పట్టుకున్న అటెండర్ సోమ్లా చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు గీడనే ఆగన్నా, గెలిచింది భాగ్యశ్రీ అక్క గద, ఆమె పొద్దుగాలనే ఒక్కతే నడుసుకుంట వచ్చి లోపట కూసున్నది."