నూట ఎనిమిది ప్రదక్షిణలు

"ఒక్క చెంబు చూడ్డానికి ఇరవై నిమిషాలా మామయ్యా? కొంటే కొనండి, లేకపోతే కదలండి!"

దినేష్ అరుపుకి దుకాణంలో అందరూ తిరిగి చూశారు. మునిస్వామి మాత్రం చెంబు దించలేదు. మదనపల్లె నుంచి కూతురు అశ్విని ఇంటికి వచ్చి నాలుగో రోజు. హైదరాబాద్ చూపించమని పట్టుబట్టి, పొద్దున్నే ప్రగతి నగర్ ఫ్లాటు నుంచి అల్లుణ్ణి మాదాపూర్ శిల్పారామానికి లాక్కొచ్చాడు.

"చూసేదానికే గదా నాయనా వచ్చింది. నీకు పనుంటే అశ్వినితో పోతానంటి. నువ్వే వద్దంటివి."

"దానికి బయటేం పని?" అంటూ దినేష్ ఫోన్ తెరిచాడు. తెర మీద వాళ్ళ ఫ్లాటు తలుపు కనిపిస్తోంది. మూసే ఉంది.

"ఏమది?"

"గుమ్మం మీది కెమెరా."

"దొంగల భయమా ఆడ?"

"దొంగల కోసం కాదు."

మునిస్వామి చెంబు బల్ల మీద పెట్టి, పక్కనున్న పల్లె మ్యూజియంలోకి నడిచాడు.

లోపల మట్టి ఇళ్ళు, మనిషంత బొమ్మలు. కుమ్మరి, మగ్గం నేసేవాడు, కల్లు గీసేవాడు. ప్రతి బొమ్మ ముందూ ఆగి, కింద పలకలోని రాత కూడబలుక్కుని చదువుతున్నాడు ముసలాయన.

"ఇవన్నీ మీ ఊళ్ళో రోజూ చూసేవేగా! వీటికోసం నాచేత లీవు పెట్టించారు."

"ఊళ్ళో ఎవరు నిలబడి చూస్తారప్పా."

దినేష్ ఇంటికి ఫోన్ చేశాడు. గంటలో అది ఐదోసారి. "ఎక్కడున్నావ్? వీడియో ఆన్ చెయ్. వంటగది చూపించు. ఇందాక మూడో రింగుకి ఎత్తావ్, ఏం చేస్తున్నావ్? వచ్చాక చెప్తా నీ సంగతి."

పక్కన పిల్లలతో ఉన్న జంట అతన్నోసారి చూసి దూరంగా జరిగింది. మునిస్వామి కుమ్మరి బొమ్మ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

"గుడికి పోదాం పా," అన్నాడు.

దగ్గర్లోనే చిన్న గుట్ట మీద అమ్మవారి గుడి. మెట్ల కింద ఫోన్లు దాచే గదిలో టోకెన్లిచ్చే కిష్టమ్మ కూర్చుని ఉంది. "ఫోన్లు పైకి తీస్కపోవద్దు. గీడ ఇచ్చి పోవాలె," అంది.

"నేను రాను. మీరెళ్ళి రండి," అన్నాడు దినేష్.

మునిస్వామి అల్లుడి మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కణ్ణే మెట్లెక్కలేను నాయనా. మోకాళ్ళు నొప్పి."

దినేష్ విసురుగా చెయ్యి విదిల్చుకున్నాడు. ముసలాయన తూలి, కిటికీ చువ్వ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఏంది సారూ గది?" కిష్టమ్మ లేచి నిలబడింది. "గంత పెద్దమనిషిని గిట్ల నూకుతరా?"

వెనక వరసలో గొణుగుడు మొదలైంది. ఎవరో వీడియో తీయబోయారు. దినేష్ అలవాటుగా మెడలో వేసుకొచ్చిన ఆఫీసు కార్డు జేబులోకి తోసుకుని, పళ్ళు కొరుకుతూ ఫోన్ ఇచ్చేశాడు. మునిస్వామి తన ఫోన్ కూడా ఇచ్చాడు. రెంటికీ కలిపి ఒకటే టోకెన్. కిష్టమ్మ దాన్ని పెద్దాయన చేతిలో పెట్టింది.

దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది.

"ఇక పదండి."

"మొక్కుంది. నూట ఎనిమిది ప్రదక్షిణలు."

"అయితే టోకెన్ ఇటివ్వండి. నేను పోతా."

మునిస్వామి టోకెన్ పంచె మడతలో దోపుకుని, పెదాలు కదుపుతూ నడక మొదలుపెట్టాడు. దినేష్ కిందికి పరిగెత్తాడు. టోకెన్ లేంది ఫోన్ ఇయ్యనంది కిష్టమ్మ. రొప్పుతూ మళ్ళీ పైకొచ్చాడు.

"ఆ పిల్లకి పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది," మామగారి వెనకే తిరుగుతూ పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "ఇంటికి రండి. ఇవాళ ఇద్దరి పనీ పడతా."

"గుళ్ళో అవేం మాటలు బాబూ?" అన్నాడు పూజారి.

మునిస్వామి నడుస్తూనే ఉన్నాడు. ముప్పై అయ్యాయి. అరవై అయ్యాయి. ప్రతి చుట్టుకీ కొబ్బరికాయలు కొట్టే రాయి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక్కసారీ కూర్చోలేదు. నూట ఎనిమిదీ పూర్తయ్యేసరికి మూడు గంటలు పట్టింది.

కిందికి రాగానే దినేష్ ఫోన్ లాక్కుని కెమెరా చూశాడు. తలుపు మూసే ఉంది. ఇంటికి ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఈలోగా మునిస్వామి ఫోన్ మోగింది. "ఆఁ... సరేమ్మా... నీళ్ళు తాగు," అని పెట్టేశాడు.

"దుకాణాల్లో తిప్పారు, బొమ్మల మధ్య తిప్పారు, గుడి చుట్టూ తిప్పారు!" దినేష్ అరిచాడు. "ఇంకేం చూడాలి మీకీ ఊళ్ళో?"

"ఇంకేం లేదు నాయనా," అన్నాడు మునిస్వామి చెప్పులు తొడుక్కుంటూ. "అశ్విని ఎక్కిన మదనపల్లె బస్సు జడ్చర్ల దాటిందంట."