నెమలిగుట్ట అర్జీ

ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో చక్రాల కుర్చీ మీద చెయ్యి వేసేసరికి లక్ష్మీనారాయణకు ఒళ్ళు మండింది.

చేతిలో రెండు సోడాసీసాలతో గబగబా వచ్చాడు.

"ఎవలు నువ్వు? చెయ్యి తియ్యి."

ఆమె తీసేసింది. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళంతా రాతిపొడి. నడుముకు దోపుకున్న ఉలి, భుజాన సమ్మెట.

"ఊకెనే చూసినయ్యా."

"చూసేటందుకు కండ్లున్నయి గద. చెయ్యెందుకు?"

ఆమె గుట్ట వెనక్కి వెళ్ళిపోయింది. కుర్చీలో ఉన్న అనసూయ తల తిప్పి ఆమె పోయినవైపే చూసింది.

లక్ష్మీనారాయణది హనుమకొండ చౌరస్తాలో ఇత్తడి సామాన్ల దుకాణం. మూడేళ్ళ కింద జ్వరమొచ్చి భార్యకు కాళ్ళు పడిపోతే, హైదరాబాదు నుంచి రైల్లో ఈ కుర్చీ తెప్పించాడు. ప్రతి ఆదివారం సాయంత్రం రెండు రిక్షాలు మాట్లాడి, ఒకదాంట్లో భార్యను, ఇంకోదాంట్లో కుర్చీని ఎక్కించుకుని నెమలిగుట్టకు తెచ్చేవాడు.

గుట్ట కిందికే. పైకి పోవడానికి ఉన్నవి మెట్లు కూడా కావు, బండలు.

పెళ్ళైన కొత్తలో అనసూయ ఆ బండల మీద ఆయన కంటే ముందు పరుగెత్తేది. పైకెక్కితే చెరువూ కోటా ఊరూ అన్నీ కనిపించేవి.

"ఒక్కపారి పైకెక్కి చూడాలనున్నది," అనేది వచ్చినప్పుడల్లా.

"ఎత్తుకొని పోతనంటే వద్దంటివి."

"మూట లెక్క పోను. కూసొనే పోత."

అది అయ్యే పని కాదని ఆయన నమ్మకం.

ఇప్పుడేమో ఈ రాళ్ళు కొట్టే మనిషొకతె. నాలుగు నెలలుగా గుట్ట వెనక నుంచి టంగు టంగుమని ఒకటే చప్పుడు.

"దొంగతనంగ గుట్టను కొట్టుకపోతాంది," అన్నాడు రిక్షాలో కుర్చీ సర్దుతూ. "ఇయ్యాల బండలు, రేపు మన కుర్చీ."

"ఆమె అసొంటిది కాదు."

"నీకేం తెలుస్తది. నువ్వూకో."

అర్జీలు రాయడంలో లక్ష్మీనారాయణది అందె వేసిన చెయ్యి. వీధిదీపానికి రాశాడు, మోరీకి రాశాడు, కుక్కల మీద రాశాడు. ఒక్కదానికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఖర్మ కాకపోతే, నెమలిగుట్ట మీద రాసినదానికి మూడో రోజే తాసీలు కచేరి మనుషులు కదిలారు.

తర్వాతి ఆదివారం గుట్ట దగ్గర చప్పుడు లేదు.

"ఆమె కనవడ్తలేదేంది?" అంది అనసూయ.

"ఉలీ సమ్మెటా గుంజుకొని ఎల్లగొట్టిన్రు," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "నేనే అర్జీ పెట్టిన."

అనసూయ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"జర నన్ను గుట్ట ఎనుకకు తీస్కపోండ్రి."

తీసుకుపోయాడు.

అక్కడ తొవ్వ ఉంది. బండలు చదును చేసి, గుంటల్లో కంకర కూరి, పైన మట్టి పోసి దిమ్మిస కొట్టి ఉంది. గుట్టను చుట్టుకుంటూ మెల్లమెల్లగా పైకి పోతోంది. సరిగ్గా రెండు చక్రాలు పట్టేంత వెడల్పు.

కుర్చీని నెట్టాడు. ఎక్కడా తట్టుకోకుండా ఎక్కింది.

"నీకు తెల్సా?"

"తెల్సు. మీరు సోడాకు పోయినప్పుడల్లా వచ్చి చక్రాల కొలత చూస్కునేది. మీరు వద్దంటరని చెప్పలే."

"కూలి ఎంతకు ఒప్పుకున్నవ్?"

"కూలి మాటెత్తితే లేసి పోయింది."

కొనకు ఇంకా పది బారలుందనగా తొవ్వ ఆగిపోయింది. ముందు నిలువెత్తు బండ. దాని మీద సగం కొట్టిన గాట్లు.

అనసూయ ఆ బండనే చూస్తూ కూర్చుంది. ఊరు కనిపించలేదు.

"ఎత్తుకోనా?"

"వద్దు."

లక్ష్మీనారాయణకు తల కొట్టేసినట్టయింది. నాలుగు నెలలు చప్పుడు విన్నాడు గానీ నాలుగడుగులు వేసి చూసిన పాపాన పోలేదు. సిగ్గుతో దిగేటప్పుడు భార్య మొహం చూడలేకపోయాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. కచేరికి పోయి, కాళ్ళావేళ్ళా పడి ఉలీ సమ్మెటా విడిపించుకున్నాడు. వాటిని సంచిలో వేసుకుని రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలు వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఒక గుడిసె ముందు బక్కమ్మ అనే ముసలామె బియ్యం చెరుగుతోంది.

"గుట్ట కాడ పని చేసే మనిషి యాడుంటది అవ్వా?"

"మొగిలమ్మనా? నిన్ననే మొగనితోని ఎల్లిపోయింది బిడ్డా. ఎవడో పుణ్యాత్ముడు అర్జీ పెట్టిండట. ఉలి లేని చేతికి ఈడ పనెవలిస్తరు?"

"యాడికి పోయింది?"

"రఘునాథపల్లి అవుతల యాడికో. ఊరు పేరు ఆమెకే తెల్వదు. ఇంతకూ నువ్వెవలు?"

"మా ఇంటిది... చక్రాల కుర్చీల..."

ముసలామె చేట పక్కన పెట్టింది. మొహం వెలిగింది.

"ఆ అమ్మ నీ పెండ్లామా? పైకెక్కిందా మరి?"

లక్ష్మీనారాయణ సంచి వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"ఎక్కింది," అన్నాడు.

"మంచిగైంది. కట్టయ్యకు తెలుస్తే ఎంత సంబురపడ్తడో."

"కట్టయ్యెవలు?"

"మొగిలమ్మ పెనిమిటి, నడుం మీద బండ పడి ఐదేండ్ల సంది మంచంలనే ఉన్నడు, 'మనకు కుర్చీ కొనుడు కాకపాయె, తొవ్వ కొట్టుడన్న వస్తది గద, ఆ అమ్మనన్న ఎక్కనీ' అని పని లేని పొద్దల్లా ఆమెను గుట్టకు తోలింది ఆయననే బిడ్డా."