ఊపిరి వదలడం

మిస్టర్ ఎలోడియో మళ్లీ ఊపిరి గొట్టం ఉమ్మేసి దగ్గుతూ నీళ్లలోంచి పైకి లేచాడు.

"నా వల్ల కాదు మిస్ నెల్డా. ఇది నోట్లో పెట్టుకుంటే చాలు, ఎవరో గొంతు పిసికినట్టుంటుంది."

నెల్డా చెక్కవంతెన మీద నిలబడే చెప్పింది. "గాలి పీల్చాలని ఆరాటపడకండి. ముందు లోపలున్నది వదిలేయండి. పూర్తిగా వదిలితే కొత్తది దానంతటదే వస్తుంది."

ఈ మాటలు ఆమె ఎందరికో చెప్పింది. ఇప్పుడవి పక్కింటి రేడియోలోంచి వినబడుతున్నట్టున్నాయి.

కీ కాకర్ దీవిలో, గొట్టంతో ఊపిరి పీలుస్తూ సముద్రంలో చేపలు చూసేందుకు జనాన్ని తీసుకెళ్లే ఆ స్నార్కెలింగ్ దుకాణం ఆమె మామగారు బెర్తోది. నెల్డా, ఆమె భర్త ఎఫ్రైన్ కలిసి యాత్రికులను పగడపు దిబ్బల దగ్గరికి తీసుకెళ్లేవారు. కిందటి తుపానుల కాలంలో లంగరు రాళ్లలో చిక్కుకుంటే విడిపించడానికి దూకిన ఎఫ్రైన్ ప్రాణంతో పైకి రాలేదు. అంత్యక్రియలకు ఎవరెవరు వచ్చారో, ఏమన్నారో నెల్డాకు గుర్తు లేదు. ఏడ్వలేదు కూడా. అప్పటి నుంచి సముద్రానికి వీపు పెట్టి, కౌంటర్ వెనక కూర్చుని టికెట్లు రాస్తోంది. ఎవరైనా పెడితే తింటుంది. ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఆలోచిస్తుంది.

ఈ ఎలోడియోని మామగారే తీసుకొచ్చాడు.

"గైడ్లంతా పడవల మీద వెళ్లిపోయారమ్మాయ్. ఈయన ఆరెంజ్ వాక్ ఊళ్లో చెరుకు రైతు. ఆయాసం మనిషి. మనవరాలితో కలిసి చేపలు చూస్తానని మాటిచ్చాడట. కాస్త నేర్పు."

నెల్డా కాదనలేదు. కాదనడానికి కూడా ఓపిక కావాలి.

"ఒక్క మాట మిస్," అన్నాడు ఎలోడియో ముఖం తుడుచుకుంటూ. "గట్టు మీద నిలబడి చెరుకు నరకడం నేర్పితే నా కూలీలు పడీపడీ నవ్వుతారు."

ఆమెకు నవ్వు రాలేదు. కానీ మెట్లు దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి. చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలియలేదు.

మర్నాడు ఆయన ఇంకో పేచీ పెట్టాడు. "ముందు మీరు ముఖం ముంచండి. చూసి నేనూ ముంచుతాను."

"ఎలాగో చెప్పాను కదా."

"చెవులతో నేర్చుకునే తెలివే ఉంటే బళ్లోనే బాగుపడేవాణ్ణి."

నెల్డా మాస్క్ తగిలించుకుని ముఖం ముంచింది. పచ్చటి వెలుగు. గొట్టంలో గాలి ఉంది, గుక్కెడు కూడా లోపలికి రాలేదు. గబుక్కున లేచి మెట్టు పట్టుకుంది.

ఎలోడియో ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య! నేనొక్కణ్ణే పిరికివాణ్ణని సిగ్గుతో చస్తున్నాను."

"నాకు ఇదివరకు ఇలా ఉండేది కాదు."

"నాకూ అంతే మిస్. ఇంట్లో ఉన్నంతసేపూ శుభ్రంగా పీలుస్తాను."

ఆమె చెయ్యి చాచింది. "పట్టుకోండి. నేను నొక్కినప్పుడల్లా గాలి వదలండి."

ఆయన అరచెయ్యి చెట్టు బెరడులా ఉంది. చెరుకు పని కాబోలు అనుకుంది. ఇద్దరూ తలలు ముంచారు. ఆమె నొక్కింది, ఆయన వదిలాడు. మళ్లీ నొక్కింది. ఉన్నట్టుండి ఆమెకు గాలి అందలేదు, నొక్కడం మరిచిపోయింది. ఆ గరుకు చెయ్యే ఆమె చేతిని మెల్లగా నొక్కింది. ఆమె వదిలింది. గాలి వచ్చింది.

అలా వారం గడిచింది. ఇంత చేతకాని శిష్యుణ్ణి నెల్డా ఎప్పుడూ చూడలేదు. రోజుకో కొత్త భయం. మెడలోతుకు ఒంటరిగా రానన్నాడు, ఆమె కూడా వెళ్లింది. కాళ్లు తేలడం లేదన్నాడు, ఆమె తేలి చూపించింది. కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయన్నాడు. ఏం కనబడుతోందో ఆమే చూసి చెప్పింది. శనివారం నాడు మాత్రం దిబ్బ దాకా వెళ్దామన్నాడు.

పడవ బెర్తో నడిపాడు. దిబ్బ దగ్గర లంగరు వేశాక నెల్డా అంచున కూర్చుని చాలాసేపు కదల్లేదు. ఎవరూ తొందరపెట్టలేదు.

"భయంగా ఉంది మిస్," అన్నాడు ఎలోడియో.

"నాకూ," అంది.

చేతులు పట్టుకుని దిగారు. కింద నీలం చేపలు గుంపుగా మలుపు తిరిగాయి. చాపలా వెడల్పుగా ఉన్న ఒక టేకు చేప ఇసుక దులుపుకుని వెళ్లిపోయింది. ఆమెకు సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. గొట్టంలో తన ఊపిరి చప్పుడు మాత్రం వింటోంది. పోతోంది, వస్తోంది.

ఎంతసేపటికో చూసుకుంటే చేతిలో చెయ్యి లేదు.

తల పైకెత్తింది. మునగకుండా ఆయన తొడుక్కున్న నారింజ రంగు జాకెట్ ఒక్కటే నీళ్ల మీద తేలుతోంది. కిందికి చూసింది. మూడు నిలువుల లోతున, పగడపు చరియ కింద తల దూర్చి, బోర్లా పడి ఉన్నాడు ఎలోడియో. కదలడం లేదు.

నెల్డా ఆలోచించలేదు. గొట్టం ఉమ్మేసి మునిగింది. చెవులు పోటెత్తాయి. ఆయన చొక్కా కాలరు దొరకబుచ్చుకుని, కాళ్లతో నీళ్లను తన్నుతూ పైకి లాక్కొచ్చింది.

"ఊపిరి తీసుకోండి! మిస్టర్ ఎలోడియో! మామయ్యా, తాడు విసరండి, మనిషి పోతున్నాడు!"

అరుస్తూనే ఏడుస్తోంది. తాను ఏడుస్తున్నట్టు ఆమెకు తెలియదు.

ఎలోడియో దగ్గలేదు. రొప్పనూ లేదు. ఒక చెయ్యి వీపు వెనక దాచుకుని, దొరికిపోయిన దొంగలా బెర్తో వైపు చూశాడు.

బెర్తో పడవ అంచు మీదికి వంగి తల కొట్టుకున్నాడు. "వారమంతా ఊపిరాడనట్టు బ్రహ్మాండంగా నటించి నా కోడల్ని నీళ్లలోకి దింపినవాడివి, ఒక్క లాబ్‌స్టర్ రొయ్య కంటపడేసరికి నీ నలభై ఏళ్ల సముద్రపు వేట బుద్ధి ఆపుకోలేకపోయావేంట్రా ఎలోడియో?"