ఒంట్లో దేవుడు

"ఎన్నిసార్లు చెప్పాలె అమ్మా? ఆ రాజక్కకు అన్నం పెట్టేదుంటే వాకిట్లనే పెట్టు."

"వాకిట్ల ఎండ ఉన్నది," అంది కమల కొడుకుతో.

పొద్దున్నుంచీ ఇదే పంచాయితీ.

మట్టెవాడలోని ఆ ఇంటి కింది గదుల్లో మర్నాడే సాయితేజ ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్ ఓపెనింగ్. పిల్లల తల్లిదండ్రులు వచ్చిపోయే చోట, పసుపు చీర, మెడలో గవ్వలు, పూనకం వచ్చి ఊగే, మల్లన్న పేర విడిచిన శివసత్తి తిరిగితే ఏం మర్యాద? ఇన్ని ఇళ్లుండగా ప్రతి ఆదివారం ఇక్కడికే ఎందుకొస్తుందని అడిగితే తల్లి మాట మార్చేది.

అతను మళ్లీ చెప్పబోయే పాఠం చూసుకోవడంలో పడ్డాడు. ఎంథూజియాజం. ఉత్సాహమని అందరూ అనుకునే ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. మనిషి ఒంట్లో దేవుడుండటం అని దాని అసలు అర్థమని పైకే చదువుకున్నాడు.

"అట్లయితే రాజక్కనే ప్రిన్సిపాల్‌ను చెయ్యుండ్రి," అంది భార్య సుకన్య.

అతను నవ్వలేదు.

మధ్యాహ్నం డెమో క్లాసు. అమ్మానాయినలు రేపటి సరుకులకు బజారు పోయారు. అతను ఆ మాట బోర్డు మీద రాసి అర్థం చెబుతుండగా రాజక్క లోపలికొచ్చింది. అతని నుదుట పసుపు పెట్టబోయింది.

"సల్లగుండు బిడ్డా."

పిల్లలు కిసుక్కుమన్నారు.

సాయితేజ ఆ చేతిని విసిరికొట్టాడు. మెడపట్టి బయటికి గెంటి, మళ్లీ వస్తే పోలీసులకు పట్టిస్తానన్నాడు. షట్టర్ దించేశాడు.

క్లాసు చక్కగా సాగింది. చివర్లో చప్పట్లు కూడా కొట్టారు.

కమల, భర్త సదానందం బజారు నుంచి వచ్చేసరికి షట్టర్ ఇంకా దించే ఉంది; రాజక్క ఎండలో, మెట్ల మీద ఒరిగి ఉంది. ఇద్దరూ ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. వడదెబ్బ, దారిలోనే ప్రాణం పోయిందన్నారట.

"అక్కడ మన పేరు చెప్పలేదు కద నాయినా?" అడిగాడు సాయితేజ.

సదానందం భార్య కోసం చూశాడు.

కమల పెరట్లో తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"రేపు ఓపెనింగ్‌ల దీపం నేను ముట్టియ్య, నాకు మైల," అంది మెల్లగా. "చిన్నప్పుడు జరమొచ్చి సావబోయింది నేను; నేను బతకాలని మా అవ్వ మల్లన్నకు ఇచ్చింది మా అక్కను."